పాత కంప్యూటర్‌కు ఫ్లాపీ డ్రైవ్ ఎమ్యులేటర్: తక్కువ ఖర్చులో మీరే కట్టుకునే పద్ధతి

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో, ధర్మకాంటల పక్కన డాస్ మీద నడిచే పాత కంప్యూటర్లను నేను ఇప్పటికీ రిపేరు చేస్తున్నాను. మదర్‌బోర్డు బాగానే ఉంటుంది, తూకం ప్రోగ్రాం బాగానే ఉంటుంది. పోయేది ఫ్లాపీ డ్రైవే. ఊక దుమ్ము హెడ్ మీద పేరుకుంటుంది, ఎండాకాలం వేడికి డిస్కులు పాడవుతాయి, కొత్త డిస్కులు దొరకడం కష్టం.

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ పిల్లలు, రిపేరు షాపులవాళ్లు నన్ను ఒకటే అడుగుతుంటారు: ఫ్లాపీ డ్రైవ్ ఉన్నచోట మెమరీ కార్డు పెట్టుకునే బోర్డు, అంటే ఎమ్యులేటర్, మనమే కట్టుకోవచ్చా అని. కట్టుకోవచ్చు. ఖర్చు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. అయితే పని వరుసగా చేయాలి. అన్నీ ఒకేసారి కలిపి కరెంటు పెట్టినవాళ్లకు తప్పు ఎక్కడుందో దొరకదు. ఇక్కడ ఒక్కో అంచెను పరీక్షించాకే తరువాతి అంచెకు వెళ్తాం.

తొందరగా పని కావాలంటే గోటెక్ అనే రెడీమేడ్ డబ్బా కొని, అందులో ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవచ్చు. అది మంచి దారే. సొంతంగా డిజైన్ చేసి, లోపల ఏం జరుగుతుందో తెలుసుకుని, పాడైతే మళ్లీ బాగుచేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1. అన్నిటికంటే ముందు పాత ఫ్లాపీలను కాపాడండి

బోర్డు సంగతి తరువాత. డ్రైవ్ ఇంకా కొంచెమైనా పనిచేస్తుంటే, ఈరోజే ఫ్లాపీలన్నిటినీ ఇమేజ్ ఫైళ్లుగా తీసిపెట్టండి. ఎమ్యులేటర్ ఎంత బాగా కట్టినా, ఎక్కించడానికి ఇమేజ్ లేకపోతే లాభం లేదు.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి సంపాదించండి. లినక్స్‌లో డీడీ కమాండ్‌తో డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా తీయవచ్చు. 1.44 ఎంబీ డిస్కు ఫైలు సరిగ్గా 14,74,560 బైట్లు ఉండాలి, 720 కేబీ డిస్కుది 7,37,280 బైట్లు. ఒక్క బైటు తగ్గినా మధ్యలో చదవడం ఆగిపోయిందని అర్థం.

- డిస్కు పెట్టే ముందు రైట్ ప్రొటెక్ట్ మీటను తెరవండి (రంధ్రం కనబడాలి).
- షట్టర్ జరిపి చూడండి. డిస్కు మీద గుండ్రటి గీతలు కనిపిస్తే డ్రైవ్‌లో పెట్టకండి, హెడ్ కూడా పాడవుతుంది.
- ప్రతి డిస్కునూ రెండుసార్లు తీసి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి.
- ఫైలు పేరులో డిస్కు మీది లేబుల్ రాసిపెట్టుకోండి.

2. సామాన్లు

కోఠి గుజరాతీ గల్లీలో దాదాపు అన్నీ ఒకే పూటలో దొరుకుతాయి. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా బస్సులో ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడికి దగ్గరే. చీటీ ఇలా రాసుకుపోండి:

- రాస్ప్‌బెర్రీ పై పికో, ఆర్‌పీ2040 చిప్ ఉన్నది (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు): 1
- 74ఎల్‌వీసీ245, 20 కాళ్లది: 1
- 74ఎల్‌ఎస్07, 14 కాళ్లది: 1 (అదనంగా ఇంకొకటి తెచ్చుకోండి)
- 1 కిలో ఓం రెసిస్టర్ నెట్‌వర్క్, 9 కాళ్లది: 1
- 10 కిలో ఓం రెసిస్టర్లు: 5
- 1ఎన్5819 షాట్కీ డయోడ్: 1
- 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు: 4, 47 మైక్రోఫారడ్‌ది: 1
- మైక్రో ఎస్‌డీ కార్డు మాడ్యూల్, 0.96 అంగుళాల ఓఎల్ఈడీ తెర, మూడు పుష్ బటన్లు
- 34 పిన్నుల బాక్స్ హెడర్, ఫ్లాపీ పవర్‌కు 4 పిన్నుల కనెక్టర్
- ఐసీ సాకెట్లు, చుక్కల బోర్డు, సన్న వైరు

74ఎల్‌వీసీ245 దొరకలేదని 74హెచ్‌సీ245 చేతిలో పెడితే తీసుకోకండి. ఎల్‌వీసీ రకం 3.3 వోల్టుల మీద నడుస్తూనే ఇన్‌పుట్‌లో 5 వోల్టులను తట్టుకుంటుంది. హెచ్‌సీ రకానికి ఆ గుణం లేదు. పికో పిన్నులకూ లేదు. ఈ డిజైన్‌లో పికోను కాపాడేది ఆ ఒక్క ఐసీనే.

ఎస్‌డీ మాడ్యూల్ కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. మూడు కాళ్ల రెగ్యులేటర్ కనిపిస్తే దానికి 5 వోల్టులు ఇవ్వాలి. అలాంటి మాడ్యూల్‌కు 3.3 వోల్టులు ఇస్తే రెగ్యులేటర్ కొంత మింగేస్తుంది, కార్డు ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయదు. ఈ ఒక్క పొరపాటుకు వారం రోజులు పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

3. 34 పిన్నుల లెక్క

ఫ్లాపీ కేబుల్‌లో బేసి పిన్నులన్నీ గ్రౌండ్. సరి పిన్నుల్లో సిగ్నళ్లు వస్తాయి. ఏ సిగ్నలైనా సున్నా వోల్టులకు దిగినప్పుడే పని జరుగుతుంది, 5 వోల్టుల దగ్గర ఉంటే ఖాళీగా ఉన్నట్టు. మనకు కావలసినవి ఇవి.

కంప్యూటర్ నుంచి మన బోర్డుకు వచ్చేవి:

- 12: డ్రైవ్ సెలెక్ట్ (పీసీలకు). పాత షుగార్ట్ (తొలినాటి ఫ్లాపీ డ్రైవ్ కంపెనీ) పద్ధతి యంత్రాల్లో మొదటి డ్రైవ్‌కు 10
- 16: మోటార్
- 18: దిశ (కిందికి దిగితే లోపలి ట్రాకుల వైపు)
- 20: స్టెప్ (హెడ్‌ను ఒక ట్రాక్ జరపమని)
- 22: రాసే డేటా
- 24: రైట్ గేట్
- 32: సైడ్ (కిందికి దిగితే రెండో వైపు)

మన బోర్డు నుంచి కంప్యూటర్‌కు వెళ్లేవి:

- 8: ఇండెక్స్ (చుట్టుకు ఒక పల్సు)
- 26: ట్రాక్ సున్నా
- 28: రైట్ ప్రొటెక్ట్
- 30: చదివిన డేటా
- 34: పీసీలో డిస్క్ చేంజ్, కొన్ని ఇతర యంత్రాల్లో రెడీ

వచ్చేవి ఏడు, వెళ్లేవి ఐదు. 245 లో ఎనిమిది గేట్లు, 07 లో ఆరు. ఒక్కో ఐసీతో పని అయిపోతుంది.

పీసీ కేబుల్‌లో 10 నుంచి 16 వరకు ఉన్న ఏడు వైర్లను మెలితిప్పి ఉంటారు. మెలిక దాటాక చివర్లో ఉన్న కనెక్టర్‌కు పెట్టిన డ్రైవ్ 'ఏ', మెలికకు ముందున్నది 'బి'. మెలిక వల్ల రెండు చోట్లా డ్రైవ్ వైపు సెలెక్ట్ 12 మీదే, మోటార్ 16 మీదే వస్తాయి. అందుకే బోర్డు మీద 10, 12 పిన్నుల మధ్య ఒక జంపర్ పెట్టుకోండి. పీసీకి 12, షుగార్ట్ యంత్రానికి 10.

4. వైరింగ్ వరుస

ముందు పవర్, తరువాత ఇన్‌పుట్, చివర్లో అవుట్‌పుట్. ఈ వరుస మార్చకండి.

*పవర్.* ఫ్లాపీ పవర్ కనెక్టర్‌లో ఎర్ర వైరు 5 వోల్టులు, రెండు నల్లవి గ్రౌండ్, పసుపుది 12 వోల్టులు. పసుపు వైరు పిన్నును బోర్డు మీద దేనికీ కలపకండి. పిన్నునే కత్తిరించేయడం ఇంకా మంచిది. 5 వోల్టులు 1ఎన్5819 డయోడ్ గుండా పికో 39వ కాలికి (వీసిస్) వెళ్లాలి. ఆ డయోడ్ ఉంటే, యూఎస్‌బీ కేబుల్, ఫ్లాపీ పవర్ రెండూ ఒకేసారి ఉన్నా ఒకదాని కరెంటు ఇంకొకదానిలోకి పోదు. 07 ఐసీకి 5 వోల్టులు డయోడ్‌కు ముందు నుంచే ఇవ్వండి. 245 కు 3.3 వోల్టులు పికో 36వ కాలి నుంచి తీసుకోండి.

*ఇన్‌పుట్.* 245 లో 1వ కాలు 3.3 వోల్టులకు, 19వ కాలు గ్రౌండ్‌కు కలపండి. అప్పుడు 2 నుంచి 9 వరకు ఉన్న కాళ్లు ఇన్‌పుట్, 18 నుంచి 11 వరకు అవుట్‌పుట్. మిగిలిన ఎనిమిదో ఇన్‌పుట్‌ను గాలిలో వదలకుండా గ్రౌండ్ చేయండి. ఏడు ఇన్‌పుట్ లైన్లకూ 1 కిలో ఓం నెట్‌వర్క్‌తో 5 వోల్టులకు పుల్-అప్ ఇవ్వాలి. కంప్యూటర్ ఈ లైన్లను కిందికి లాగడమే చేస్తుంది, పైకి ఎత్తేది డ్రైవ్ వైపు ఉన్న రెసిస్టరే. ఇది మరిచిపోతే రాని స్టెప్పులు వచ్చినట్టు కనిపిస్తాయి.

*అవుట్‌పుట్.* ఇక్కడ కారణం తెలుసుకుని కట్టండి. పుల్-అప్ ఈసారి కంప్యూటర్ వైపు ఉంటుంది. కొత్త పీసీల్లో 1 కిలో ఓం, పాత యంత్రాల్లో 150 ఓంలు. 150 ఓంల లైన్‌ను కిందికి లాగాలంటే 33 మిల్లీఆంపియర్లు మింగాలి. పికో పిన్ను అంత చేయలేదు. 74ఎల్‌ఎస్07 అవుట్‌పుట్ 40 మిల్లీఆంపియర్ల వరకు మింగుతుంది.

07 కు బదులు 06 (74ఎల్‌ఎస్06) వాడవద్దని నేను గట్టిగా చెప్తాను. 06 సిగ్నల్‌ను తిరగేస్తుంది. పికో స్టార్ట్ అయ్యే క్షణంలో పిన్నులు ఇంకా ఎటూ తేలకుండా ఉంటాయి, టీటీఎల్ (06, 07 లాంటి ఐసీల రకం) ఇన్‌పుట్ దాన్ని హైగా చదువుతుంది. 06 అయితే ఐదు లైన్లనూ ఒకేసారి కిందికి లాగేస్తుంది, అదే సమయంలో బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రాం) డ్రైవ్‌ను వెతుకుతుంటే అయోమయపడుతుంది. 07 అయితే లైన్లను వదిలేస్తుంది. ప్రతి ఇన్‌పుట్‌కూ 10 కిలో ఓం రెసిస్టర్ 3.3 వోల్టులకు పెడితే ఇక అనుమానమే ఉండదు.

పికో పిన్నుల పంపకం నేను ఇలా చేసుకున్నాను: 4, 5 తెరకు, 6 నుంచి 12 వరకు ఫ్లాపీ ఇన్‌పుట్‌లకు, 13, 14, 15 బటన్లకు, 16 నుంచి 19 వరకు ఎస్‌డీ కార్డుకు, 20, 21, 22, 26, 27 ఫ్లాపీ అవుట్‌పుట్‌లకు. ఇవి జీపీఐఓ నంబర్లు (ప్రోగ్రాంలో పిన్నులను పిలిచేవి), కాళ్ల వరుస నంబర్లు కావు. 0, 1 ఖాళీగా ఉంచండి, తప్పులు వెతికేటప్పుడు సీరియల్ సందేశాలకు పనికొస్తాయి.

5. కరెంటు పెట్టే ముందు

ఐసీలను, పికోను సాకెట్ల నుంచి తీసేసి, ఖాళీ బోర్డుకు ఫ్లాపీ పవర్ ఇవ్వండి. మల్టీమీటర్‌తో ఒక్కోటి చూడండి.

- పికో 39వ కాలి చోట 5 వోల్టులకు కాస్త తక్కువ ఉందా?
- 07 ఐసీ 14వ కాలి చోట 5 వోల్టులు ఉన్నాయా?
- బోర్డు మీద ఎక్కడైనా 12 వోల్టులు కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఆపేయండి.
- పవర్ తీసేసి బీప్ మోడ్‌లో: 34 పిన్నుల హెడర్‌లో ప్రతి బేసి పిన్నూ గ్రౌండ్‌కు మోగాలి, ఏ సరి పిన్నూ మోగకూడదు.
- పక్కపక్క సరి పిన్నుల మధ్య టంకం అంటుకుందేమో చూడండి.

నా మొదటి బోర్డుకు పవర్ కనెక్టర్ తిరగబడింది. పసుపు వైరు వచ్చి 5 వోల్టుల చోట కూర్చుంది. స్విచ్ వేసిన క్షణంలోనే పికో నడుమన సన్నగా పొగ, తరువాత ఆ ఘాటు వాసన. మీటర్‌తో ఒక్క నిమిషం చూసి ఉంటే ఐసీలు, పికో మిగిలేవి. అప్పటి నుంచి కనెక్టర్ పక్కన తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టనిదే స్విచ్ వేయను.

6. ప్రోగ్రాం: ముందు చదవడం ఒక్కటే

మొదటి దశలో రాయడం జోలికి పోకండి. రైట్ ప్రొటెక్ట్ లైన్‌ను, డ్రైవ్ సెలెక్ట్ అయినప్పుడల్లా కిందికి లాగి ఉంచండి. చదవడం పూర్తిగా కుదిరాక రాయడం చూద్దాం.

*6.1 స్టెప్ లెక్క.* స్టెప్ లైన్ పైకి లేచే అంచు మీద ఇంటరప్ట్ (సిగ్నల్ రాగానే నడిచే ప్రోగ్రాం ముక్క) పెట్టండి. డ్రైవ్ సెలెక్ట్ అయి ఉంటేనే లెక్కించాలి. దిశ చూసి ట్రాక్ నంబరును ఒకటి పెంచండి లేదా తగ్గించండి. సున్నా కంటే కిందికి పోకూడదు. సున్నాకు రాగానే అదే ఇంటరప్ట్‌లో ట్రాక్ సున్నా లైన్‌ను లాగేయాలి. ఒక మిల్లీసెకండు లోపల రెండో స్టెప్ వస్తే వదిలేయండి, అది కేబుల్‌లో పుట్టిన విద్యుత్ నాయిసే. ఇంటరప్ట్‌లో ఎస్‌డీ కార్డును ముట్టుకోవద్దు. పికోలో రెండు కోర్లు ఉన్నాయి: మొదటిది సిగ్నళ్లు చూసుకుంటుంది, రెండోది కార్డు చదివి ట్రాక్ తయారు చేస్తుంది.

*6.2 ట్రాక్ ఎప్పుడు లోడ్ చేయాలి.* స్టెప్పులు మూడు నుంచి ఆరు మిల్లీసెకండ్లకు ఒకటి చొప్పున వస్తుంటాయి. ప్రతి స్టెప్‌కూ ట్రాక్ లోడ్ చేస్తే వెనకబడిపోతారు. చివరి స్టెప్ తరువాత 8 మిల్లీసెకండ్లు ఆగి, అప్పుడు ఆ ట్రాక్‌ను రెండు వైపులా చదవండి. ఇమేజ్‌లో సెక్టార్ చోటు కనుక్కోవడం తేలిక: ట్రాక్ నంబరును రెండుతో గుణించి సైడ్ కలపండి, దాన్ని 18తో (720 కేబీ అయితే 9తో) గుణించి సెక్టార్ నంబరులో ఒకటి తగ్గించి కలపండి, మొత్తాన్ని 512తో గుణించండి.

ట్రాక్ తయారయ్యేదాకా డేటా పల్సులతోపాటు ఇండెక్స్ పల్సు కూడా ఆపేయండి. పీసీ ఫ్లాపీ కంట్రోలర్ సెక్టార్ దొరకలేదని తేల్చేది రెండు ఇండెక్స్ పల్సులు చూశాకే. ఇండెక్స్ రాకపోతే ఓపిగ్గా ఎదురుచూస్తుంది. కార్డు ఒక్కోసారి నెమ్మదించినా ఈ కిటుకు కాపాడుతుంది.

*6.3 ట్రాక్ కట్టడం.* 1.44 ఎంబీ డిస్కు నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 200 మిల్లీసెకండ్లు. సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో చుట్టుకు 12,500 బైట్లు పడతాయి. వరుస ఇది (4ఈ, సీ2 లాంటివి హెక్స్‌లో రాసిన బైటు విలువలు, వెనక ఉన్నది ఎన్ని అనే లెక్క):

- మొదట 4ఈ బైట్లు 80, సున్నాలు 12, ప్రత్యేక సీ2 మూడు, ఎఫ్‌సీ ఒకటి, 4ఈ 50. మొత్తం 146.
- ప్రతి సెక్టార్‌కు: సున్నాలు 12, ప్రత్యేక ఏ1 మూడు, ఎఫ్ఈ (సెక్టార్ చిరునామా గుర్తు), తరువాత ట్రాక్, సైడ్, సెక్టార్, సైజు కోడ్ 2, సీఆర్‌సీ (తప్పులు పట్టే లెక్క) రెండు బైట్లు, 4ఈ 22.
- వెంటనే సున్నాలు 12, ప్రత్యేక ఏ1 మూడు, ఎఫ్‌బీ (డేటా గుర్తు), డేటా 512, సీఆర్‌సీ రెండు, 4ఈ 108. సెక్టార్ మొత్తం 682.
- 18 సెక్టార్లు అయ్యాక 12,422 అవుతుంది. మిగతా 78 బైట్లను 4ఈతో నింపండి.

720 కేబీకి చుట్టుకు 6,250 బైట్లు, 9 సెక్టార్లు, సెక్టార్ వెనక 108కి బదులు 80.

ఇప్పుడు దీన్ని ఎంఎఫ్ఎం (డిస్కు మీద బిట్లు రాసే కోడ్) లోకి మార్చాలి. బిట్ 1 అయితే 01. బిట్ 0 అయి దాని ముందు బిట్ కూడా 0 అయితే 10. ముందుది 1 అయితే 00. ఎక్కువమంది తప్పు చేసేది బైటు అంచుల దగ్గర: కిందటి బైటు చివరి బిట్‌ను గుర్తుపెట్టుకుని తరువాతి బైటు మొదలుపెట్టాలి. ప్రత్యేక ఏ1ను మామూలుగా మార్చకండి, నేరుగా 4489 అని పెట్టండి. ప్రత్యేక సీ2కు 5224. వాటిలో ఒక క్లాక్ బిట్ కావాలనే తీసేసి ఉంటుంది, కంట్రోలర్ దాన్నిబట్టే సెక్టార్ మొదలు పట్టుకుంటుంది.

సీఆర్‌సీని ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌తో మొదలుపెట్టి, 1021 పాలినామియల్‌తో, మూడు ఏ1లను కూడా కలిపి లెక్కించాలి. మీ లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష: మూడు ఏ1ల తరువాత విలువ సీడీబీ4 రావాలి. రాకపోతే ముందుకు పోకండి.

*6.4 పల్సులు పంపడం.* ఈ డిజైన్‌లో నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. కంప్యూటర్ ఏ క్షణంలోనైనా సైడ్ మార్చవచ్చు. మార్చిన వెంటనే రెండో వైపు అదే చోటు నుంచి డేటా రావాలి. సాఫ్ట్‌వేర్‌తో బఫర్లు మారుస్తూ కూర్చుంటే ఎప్పుడో ఒకసారి ఆలస్యమవుతుంది. దానికి బదులు రెండు వైపుల బిట్లనూ జడ అల్లినట్టు పక్కపక్కన పేర్చండి: మొదటి వైపు బిట్ ఒకటి, రెండో వైపు బిట్ ఒకటి.

పికోలోని పీఐఓ (పిన్నులను సొంతంగా నడిపే చిన్న భాగం) ప్రతిసారీ రెండు బిట్లు తీసుకుంటుంది, సైడ్ పిన్నును అప్పుడే చూస్తుంది, హైగా ఉంటే మొదటి బిట్, కిందికి ఉంటే రెండో బిట్ వాడుతుంది. బిట్ 1 అయితే డేటా లైన్‌ను కాసేపు కిందికి లాగి వదులుతుంది. ప్రాసెసర్‌కు ఇందులో పనే లేదు.

ఒక్కో బిట్ చోటుకు పీఐఓలో 16 అడుగులు (గడియారం టిక్కులు) పెట్టండి. 1.44 ఎంబీకి పీఐఓ గడియారం 16 మెగాహెర్ట్జ్, అంటే చోటుకు 1 మైక్రోసెకండు. 720 కేబీకి 8 మెగాహెర్ట్జ్. పల్సు నాలుగు అడుగులు ఉంచితే మొదటిదానిలో 250 నానోసెకండ్లు, రెండోదానిలో 500 నానోసెకండ్లు వస్తాయి. రెండూ కంట్రోలర్‌కు సరిపోతాయి.

ఈ అల్లికతో ఇంకో లాభం ఉంది. ఒక బైటుకు ఎంఎఫ్ఎంలో 16 బిట్లు, రెండు వైపులకు కలిపి 32. అంటే డీఎంఏ (ప్రాసెసర్ లేకుండానే మెమరీ నుంచి డేటా పంపే భాగం) పంపే ఒక్కో 32 బిట్ల మాట (వర్డ్) సరిగ్గా ట్రాక్‌లోని ఒక్కో బైటుకు సమానం. చుట్టుకు 12,500 మాటలు, 50,000 బైట్ల మెమరీ. పికోలో 264 కేబీ ఉంది కాబట్టి రెండు బఫర్లు పెట్టుకుని ఒకటి నడుస్తుండగా ఇంకొకటి నింపవచ్చు. డీఎంఏలో బైట్లు తిరగేసే ఆప్షన్ ఆన్ చేయడం మరిచిపోకండి, లేకపోతే ప్రతి మాటలో బైట్లు వెనకా ముందూ అవుతాయి.

రెండు డీఎంఏ ఛానళ్లను గొలుసుకట్టండి. మొదటిది చుట్టు మొత్తం పంపుతుంది, రెండోది మొదటిదాన్ని మళ్లీ మొదటికి తెస్తుంది. చుట్టు పూర్తయిన ప్రతిసారీ ఇండెక్స్ లైన్‌ను 2 మిల్లీసెకండ్లు కిందికి లాగండి.

*6.5 డిస్క్ చేంజ్.* బటన్‌తో ఇమేజ్ మార్చగానే 34వ లైన్‌ను కిందికి లాగాలి. తరువాత ఒక స్టెప్ వచ్చినప్పుడే వదలాలి. ఇది చేయకపోతే డాస్ కొత్త డిస్కుకు పాత డిస్కు ఫైళ్ల జాబితా చూపిస్తుంది. చదవడంలో అది చికాకు మాత్రమే. రాయడం మొదలయ్యాక మాత్రం డిస్కు మొత్తం పాడవుతుంది.

*6.6 సెలెక్ట్ నియమం.* డ్రైవ్ సెలెక్ట్ కానప్పుడు ఐదు అవుట్‌పుట్‌లనూ వదిలేయాలి. కేబుల్ మీద మీ బోర్డు ఒక్కటే ఉంటే సాఫ్ట్‌వేర్‌తో చేసినా నడుస్తుంది. రెండో డ్రైవ్ కూడా ఉంటే 07 తీసేసి రెండు 7438లు (రెండేసి ఇన్‌పుట్‌ల గేట్లున్న ఐసీలు) పెట్టి, సెలెక్ట్‌ను హార్డ్‌వేర్‌లోనే కలపండి. 7438 సిగ్నల్‌ను తిరగేస్తుందని గుర్తుంచుకుని ప్రోగ్రాం మార్చాలి, ఇన్‌పుట్‌కు పుల్-అప్ బదులు పుల్-డౌన్ పెట్టాలి.

7. మొదటిసారి కంప్యూటర్‌కు పెట్టడం

పనిచేసే మిల్లు కంప్యూటర్ మీద ప్రయోగం చేయకండి. పక్కన పడేసిన పాత పెంటియం ఏదైనా చాలు.

1. ఎస్‌డీ కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఒక్క బూట్ డిస్కు ఇమేజ్ మాత్రమే పెట్టండి.
2. కేబుల్ ఎర్ర గీత 1వ పిన్ను వైపు ఉండాలి.
3. బయోస్‌లో డ్రైవ్ 'ఏ' 1.44 ఎంబీ అని ఉందో లేదో చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే ఈ సెట్టింగ్ ప్రతిసారీ పోతుంది.
4. ఆన్ చేయగానే తెర మీద ట్రాక్ నంబరు కదలాలి, మళ్లీ సున్నాకు రావాలి. ఇది కనిపిస్తే సగం పని అయినట్టే.
5. బూట్ అయ్యాక ఫైళ్ల జాబితా చూడండి, తరువాత డిస్కులో ఉన్నవన్నీ హార్డ్ డిస్కుకు కాపీ చేసి అసలు ఫైళ్లతో పోల్చండి.

ఎనిమిది ఛానళ్ల చిన్న లాజిక్ అనలైజర్ ఉంటే 30వ లైన్ మీద పెట్టి పల్సుల మధ్య దూరం కొలవండి. 1.44 ఎంబీకి 2, 3, 4 మైక్రోసెకండ్లు మాత్రమే కనిపించాలి. ఇంకేదైనా దూరం కనిపిస్తే తప్పు ఎంఎఫ్ఎం మార్పిడిలోనే ఉంది, వైరింగ్‌లో వెతకకండి.

8. వచ్చే తప్పులు, వాటికి మందు

*ఆన్ చేసినప్పటి నుంచి సెలెక్ట్ అయ్యే ఉంటుంది, వదలదు.* కేబుల్ తిరగబడింది. సిగ్నళ్లన్నీ గ్రౌండ్ అయ్యాయి. మామూలుగా దీనివల్ల ఏమీ కాలదు, తిప్పి పెట్టండి.

*బయోస్ ఫ్లాపీ ఫెయిల్ అంటుంది, ట్రాక్ నంబరు కదలదు.* జంపర్ 10 మీద ఉందేమో, బోర్డు మెలికకు ముందున్న కనెక్టర్‌లో ఉందేమో చూడండి.

*ట్రాక్ నంబరు కదులుతుంది, అయినా ఫెయిల్.* ట్రాక్ సున్నా సిగ్నల్ కంప్యూటర్‌కు చేరడం లేదు. 26వ లైన్‌ను మీటర్‌తో చూడండి.

*డాస్ 'నాట్ రెడీ' అంటుంది.* ఇండెక్స్ రావడం లేదు. మోటార్ లైన్ తిరగేసి చదువుతున్నారేమో చూడండి.

*'సెక్టార్ నాట్ ఫౌండ్'.* పల్సులు వస్తున్నాయి కానీ ఎఫ్ఈ ముక్కలో తప్పుంది. సీఆర్‌సీ, 4489, బైట్ల తిరగేత, ఈ మూడింటినీ ఇదే వరుసలో చూడండి. సెక్టార్ నంబర్లు సున్నా నుంచి కాదు, ఒకటి నుంచి మొదలవ్వాలి.

*'డేటా ఎర్రర్'.* ఎఫ్ఈ బాగుంది, ఎఫ్‌బీ వెనక సీఆర్‌సీ తప్పు. ఎఫ్‌బీని కూడా లెక్కలో కలిపారా?

*మొదటి కొన్ని ఫైళ్లు బాగుంటాయి, తరువాత చెత్త.* సైడ్ తిరగబడింది, లేదా స్టెప్పులు ఎక్కువ లెక్కిస్తున్నారు. తెర మీద ట్రాక్ నంబరు 79 దాటితే రెండోదే కారణం.

*బెంచ్ మీద నడుస్తుంది, కేబినెట్‌లో నడవదు.* గ్రౌండ్ వైర్లు తక్కువయ్యాయి. బేసి పిన్నులన్నిటినీ బోర్డు గ్రౌండ్‌కు కలపండి, ప్రతి ఐసీ పక్కన 0.1 మైక్రోఫారడ్ ఉందో లేదో చూడండి.

ఈ డిజైన్ పీసీ తరహా ఎంఎఫ్ఎం డిస్కుల కోసం. పాత హోం కంప్యూటర్లలో బీబీసీ మైక్రోకు సింగిల్ డెన్సిటీ ఎఫ్ఎం (ఇంకా పాత కోడ్), అమిగాకు ట్రాక్‌కు 11 సెక్టార్లతో వేరే అమరిక. బోర్డు అదే సరిపోతుంది, ట్రాక్ కట్టే భాగం మాత్రం కొత్తగా రాయాలి.

9. రాయడం

పది ఇమేజ్‌లు తప్పు లేకుండా చదివాకే ఇక్కడికి రండి. అసలు ఇమేజ్‌లను వేరే చోట దాచి, నకళ్ల మీదే పరీక్షించండి.

రైట్ గేట్ కిందికి దిగగానే డేటా పల్సులు పంపడం ఆపండి, డీఎంఏ తిరుగుడు మాత్రం ఆపకండి. డిస్కు తిరుగుతూనే ఉన్నట్టు కనిపించాలి. ఆ క్షణంలో డీఎంఏ ఎక్కడ ఉందో చూసి ఆ మాట నంబరులోంచి 146 తీసేసి 682తో భాగించండి. వచ్చిన పూర్ణాంకానికి ఒకటి కలిపితే కంప్యూటర్ రాస్తున్న సెక్టార్ నంబరు. డీఎంఏ పీఐఓ కంటే నాలుగైదు మాటలు ముందుంటుంది, అయినా సెక్టార్ ముందున్న ఖాళీ ఆ తేడాను మింగేస్తుంది.

22వ లైన్ మీద వచ్చే పల్సుల దూరాన్ని ఇంకో పీఐఓతో కొలవండి. 1.44 ఎంబీకి 2.5 మైక్రోసెకండ్ల లోపు ఉంటే 2గా, 3.5 లోపు ఉంటే 3గా, పైన ఉంటే 4గా తీసుకోండి. 720 కేబీకి ఆ హద్దులు 5, 7 మైక్రోసెకండ్లు. తరువాత 4489 పట్టుకుని, ఎఫ్‌బీ చూసి, 512 బైట్లు విప్పి, సీఆర్‌సీ సరిపోతేనే ఉంచుకోండి. సరిపోకపోతే పారేయండి, కార్డులోకి ఎక్కించకండి.

కార్డు రాయడానికి ఒక్కోసారి పావు సెకను దాకా పట్టవచ్చు. అందుకే ముందు మెమరీలోని ట్రాక్‌ను మార్చండి, తరువాత వెనకాల తీరిగ్గా కార్డులోకి దించండి. దించేదాకా తెర మీద గుర్తు వెలగాలి.

- 'బి' డ్రైవ్‌గా పెట్టి ఒక ఫైలు కాపీ చేసి, ఇమేజ్ మార్చి, మళ్లీ పాత ఇమేజ్‌కు వచ్చి పోల్చండి.
- పూర్తిగా ఫార్మాట్ చేసి చూడండి. ఫార్మాట్‌లో కంప్యూటర్ ఎఫ్ఈ ముక్కలను కూడా రాస్తుంది, అప్పుడు సెక్టార్ నంబరును చోటునుబట్టి కాక ఆ ముక్కలోంచే చదవాలి.
- డిస్కు నిండేదాకా కాపీ చేసి ఎస్‌డీ కార్డును లాప్‌టాప్‌లో చూడండి. ఇమేజ్ సైజు మారకూడదు.

మిల్లులో కరెంటు చెప్పి పోదు. పవర్ దగ్గర కెపాసిటర్ ఎంత పెద్దది పెట్టినా దాని మీద భరోసా వద్దు, కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటేనే రాయడం ఆన్ చేయండి. లేని చోట నేను రైట్ ప్రొటెక్ట్‌ను అలాగే ఉంచి, తూకం లెక్కలు హార్డ్ డిస్కులోకే వెళ్లేలా ప్రోగ్రాం సెట్టింగ్ మార్చి ఇస్తున్నాను.

10. డబ్బాలో బిగించడం

పాడైన ఫ్లాపీ డ్రైవ్ ఇనుప చట్రాన్నే వాడుకోండి. లోపలి మోటారు, హెడ్ తీసేస్తే బోర్డు సులువుగా పడుతుంది, మరలు పాత రంధ్రాల్లోనే బిగుస్తాయి. బోర్డు కింద ప్లాస్టిక్ షీటు వేయండి, టంకం చట్రానికి తగలకూడదు. డిస్కు పెట్టే మూతిని పూర్తిగా మూసి, ఎస్‌డీ కార్డు పట్టేంత సందు మాత్రమే వదలండి. కార్డు తీసిన ప్రతిసారీ ఆ సందు మీద టేప్ వేయమని అక్కడ పనిచేసేవాళ్లకు చూపించి రండి, ఊక ధూళి లోపలికి పోయేది అక్కడి నుంచే. ఇమేజ్‌ల నకలు ఉన్న ఇంకో కార్డును కవర్‌లో పెట్టి కేబినెట్ లోపలి గోడకు అంటించండి.